టోపీ పెట్టుకోండి, పెట్టించుకోకండి: వింటేజ్ స్టైల్ టోపీల అసలు కథ

ఈరోజు టాపిక్ టోపీలు. మన తెలుగులో "వాడు నాకు టోపీ పెట్టాడు" అంటే ముంచేశాడని అర్థం కదా, అందుకే ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో నేనేమీ అమ్మట్లేదు.

నేను మాట్లాడేది బేస్‌బాల్ క్యాప్ గురించి కాదు, అది అందరి దగ్గరా ఉంది. పాత బ్లాక్ అండ్ వైట్ హాలీవుడ్ సినిమాల్లో డిటెక్టివ్‌లు పెట్టుకునే ఫెడోరా, లండన్ పెద్దమనుషుల గుండ్రటి బౌలర్, ఎండాకాలం పనామా, పీకీ బ్లైండర్స్‌లో చూసిన ఫ్లాట్ క్యాప్. వీటిని ఫొటో షూట్ కోసం కాకుండా ఆఫీసుకి, కూరగాయలకి, బస్టాప్‌కి కూడా పెట్టుకెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ఎక్కువ. "ఈరోజు నా తల మీద ఉన్నది ఇది" అని ఫొటో తీసి, కంపెనీ పేరు, సైజు, ఏ కాలం నాటిది అన్నీ చెప్పుకుంటారు. లోపల నుదుటికి ఆనే తోలు పట్టీని మెల్లగా వెనక్కి తిప్పి, దాని కింద ఉన్న యూనియన్ లేబుల్ చూసి అది ఏ దశాబ్దంలో తయారైందో అంచనా వేస్తారు. మనం కోడ్‌లో పాత కమిట్ ఎవరిదో వెతుకుతాం చూడండి, అచ్చం అలాగే.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. వింటేజ్ వేరు, వింటేజ్ స్టైల్ వేరు. మొదటిది నిజంగా పాత టోపీ, రెండోది పాత షేపులో ఇప్పుడు తయారైన కొత్త టోపీ. ఏదైతే ఏంటి అనుకుంటున్నారా? తేడా మీ ఆరోగ్యం దాకా వెళ్తుంది. ఎందుకో చెప్తాను, దానికి ముందు ఫెల్ట్ ఎలా తయారవుతుందో చూద్దాం.

ఫెల్ట్ అంటే నేసిన బట్ట కాదు. దారం లేదు, మగ్గం లేదు. కుందేలు బొచ్చునో గొర్రె ఉన్నినో వేడి నీళ్ళు, ఆవిరి, ఒత్తిడితో ఒకదానికొకటి చిక్కు పడేలా చేస్తారు. వెంట్రుకని మైక్రోస్కోప్‌లో చూస్తే చేప పొలుసుల్లాంటివి కనిపిస్తాయి, అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఉన్ని స్వెటర్‌ని పొరపాటున వేడి నీళ్ళలో ఉతికితే ముడుచుకుపోయి అట్టలా అవుతుంది కదా, అదే పని ఇక్కడ కావాలని చేస్తారు. ముందు పెద్ద శంకు ఆకారంలో ఒక పొర తయారవుతుంది. దాన్ని వేడి నీళ్ళలో కుదించి కుదించి చిన్నది చేస్తారు. తర్వాత తల ఆకారంలో ఉన్న చెక్క దిమ్మ మీద లాగి బిగించి, గట్టిపడటానికి లక్క పట్టించి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, అంచు కత్తిరించి, రిబ్బన్ చుడతారు.

ఉన్ని సులువుగానే చిక్కుపడుతుంది. కుందేలు బొచ్చు అలా కాదు, నున్నగా జారిపోతుంది. 1700ల నుంచి టోపీల పరిశ్రమ దీనికి వాడిన మందు మెర్క్యురీ నైట్రేట్, అంటే పాదరసం ఉప్పు. అది పూస్తే పొలుసులు పైకి లేచి బొచ్చు గట్టిగా పట్టుకుంటుంది. కొసలు కమలాపండు రంగులోకి మారేవి, అందుకే ఆ పనిని క్యారెటింగ్ అన్నారు. పేరు క్యూట్‌గా ఉంది, పని మాత్రం కాదు. తలుపులు మూసిన వేడి గదుల్లో, ఆవిరి మధ్య పనివాళ్ళు రోజంతా ఆ పాదరసం పీల్చేవాళ్ళు. చేతులు వణకడం, మాట తడబడటం, చిరాకు, మనుషుల్ని చూస్తే ముడుచుకుపోవడం, పళ్ళు ఊడిపోవడం. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో డాన్‌బరీ అనే ఊరికి హ్యాట్ సిటీ అని పేరు. అక్కడ ఆ వణుకుకి ఏకంగా ఊరి పేరే పెట్టారు, డాన్‌బరీ షేక్స్ అని. అమెరికాలో ఫెల్ట్ టోపీలకి పాదరసం వాడకం ఆగింది 1941 డిసెంబర్‌లో. అంటే మన ముత్తాతల కాలం, మరీ అంత పాత సంగతేం కాదు.

టోపీ పెట్టుకున్నవాళ్ళకంటే తయారుచేసినవాళ్ళే దీనికి ఎక్కువ బలయ్యారు. కానీ ఆ పాదరసం అంతా గాల్లో కలిసిపోలేదు, పాత ఫెల్ట్‌లో ఇప్పటికీ ఉండొచ్చు. మ్యూజియంలలో పాత ఫెల్ట్ టోపీల్ని చాలా జాగ్రత్తగా ముట్టుకుంటారు. కాబట్టి తొంభై, వందేళ్ళ నాటి ఫెల్ట్ ఫెడోరా ఒకటి ఆన్‌లైన్‌లో దొరికిందనుకోండి, షోకేస్‌లో పెట్టుకోండి, పర్లేదు. రోజూ తలకి వద్దు. ముఖ్యంగా షేప్ సరిచేద్దామని ఇంట్లో కెటిల్ ఆవిరి పట్టొద్దు, వేడి తగిలితే పాదరసం మళ్ళీ ఆవిరవుతుంది. ఇప్పుడు కొత్త ఫెల్ట్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆమ్లాల్లాంటివి వాడుతున్నారు. రోజువారీకి వింటేజ్ స్టైల్ చాలు అనడానికి నాకు ఈ ఒక్క కారణం సరిపోతుంది.

ఇక పేర్ల కథలు, ఇవి సరదాగా ఉంటాయి. ఫెడోరా నిజానికి ఒక ఫ్రెంచ్ నాటకం. 1882లో విక్టోరియన్ సార్దూ రాశాడు, సారా బెర్నార్ రాకుమారి ఫెడోరాగా వేసింది. అలా ఒక ఆడ పాత్ర పేరు టోపీకి వచ్చింది, తర్వాత అది మగవాళ్ళ టోపీగా స్థిరపడిపోయింది. బౌలర్ 1849లో లండన్‌లో పుట్టింది. గుర్రాల మీద తిరిగే అడవి కాపలావాళ్ళ తలలకి చెట్టుకొమ్మలు తగలకుండా గట్టి టోపీ కావాలని లాక్ అండ్ కో షాపుకి ఆర్డర్ వచ్చింది. అంటే అది మొదట్లో హెల్మెట్ అన్నమాట! ఆ షాపు 1676 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. పనామా టోపీ పనామాది కాదు, ఈక్వడార్‌ది. తొకియా అనే మొక్క ఆకుల్ని సన్నటి పోగులుగా చీల్చి చేత్తో అల్లుతారు. ఆ అల్లికని 2012లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పనామా మీదుగా ఎగుమతి అయ్యేది కాబట్టి క్రెడిట్ మధ్యలో ఉన్నవాడు కొట్టేశాడు. ఆఫీసుల్లో చూడట్లేదా ఇలాంటివి?

ఒకప్పుడు టోపీ లేకుండా బయటికి రావడం అంటే చెప్పుల్లేకుండా రావడం లాంటిది. గడ్డి టోపీ ఎప్పటిదాకా పెట్టాలో కూడా రూల్ ఉండేది. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 15 దాటాక గడ్డి టోపీ కనిపిస్తే కుర్రాళ్ళు లాక్కుని తొక్కేసేవాళ్ళు. 1922లో అయితే రెండు రోజులు ముందే మొదలుపెట్టారు, అది పెద్ద గొడవై కొన్ని రోజులు నడిచింది, అరెస్టులు కూడా జరిగాయి. టోపీ కోసం! మరి అంత అలవాటు ఎలా పోయింది? కెనెడీ టోపీ పెట్టకుండా ప్రమాణ స్వీకారం చేశాడు, అందుకే పోయింది అని చాలామంది చెప్తారు. అది తప్పు. 1961లో ఆయన టాప్ హ్యాట్‌తోనే వచ్చాడు, ప్రమాణం చేసేటప్పుడు, మాట్లాడేటప్పుడు మాత్రమే తీశాడు. అప్పటికే టోపీల వాడకం తగ్గుతూ వస్తోంది. కారులో కూర్చుంటే పైకప్పు తగులుతుంది, నడక తగ్గింది, ఇంకెందుకు టోపీ? నాకైతే కారు కారణమే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

మన దగ్గర ఈ టోపీ ఎక్కువగా సినిమాల్లోనే కనిపించింది. 1971లో కృష్ణగారి మోసగాళ్ళకు మోసగాడు, తెలుగు కౌబాయ్. 2023లో 4కేలో మళ్ళీ రిలీజ్ చేశారు, కొంతమందైనా థియేటర్లో చూసి ఉంటారు. కౌబాయ్ టోపీ అంటే గుర్తొచ్చే స్టెట్సన్ కంపెనీ 1865లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఇప్పుడు ఆ టోపీలు డల్లాస్ పక్కన గార్లండ్‌లో తయారవుతాయి. డల్లాస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, మీ అన్నయ్యో అక్కో అక్కడ ఉంటే ఒకసారి షాపుకెళ్ళి ఫెల్ట్ పట్టుకుని చూడమనండి. చేత్తో ముట్టుకుంటేనే ఉన్నికీ కుందేలు బొచ్చుకీ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు టోపీ పెట్టించుకోకుండా టోపీ కొనడం. ఉన్ని ఫెల్ట్ చవక, కాస్త మందం, వానలో తడిస్తే వాలిపోతుంది, కుదించుకుపోతుంది. కుందేలు బొచ్చు ఫెల్ట్ పల్చగా, తేలిగ్గా ఉండి వానకి బాగా తట్టుకుంటుంది, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. జంతువుల బొచ్చు వద్దనుకునేవాళ్ళకి కాటన్ ఫ్లాట్ క్యాప్ ఉంది, గడ్డి టోపీ ఉంది, ఇబ్బందేం లేదు. కౌబాయ్ టోపీల మీద 10ఎక్స్, 100ఎక్స్ అని నంబర్లు వేస్తారు, ఎక్కువ ఎక్స్ అంటే మంచి బొచ్చు అని. దానికి అందరికీ ఒకటే స్టాండర్డ్ అంటూ లేదు. ఒక కంపెనీ 20ని ఇంకో కంపెనీ 20తో పోల్చడం అంటే రెండు ఫోన్ల కెమెరా మెగాపిక్సెల్స్ పోల్చడమే. ఇక "పనామా" అని రాసి ఉన్న చవక టోపీల్లో చాలావరకు కాగితం పోగులతో చేసినవే, గట్టిగా వాన పడితే అంతే సంగతులు. దగ్గరగా చూడండి. పట్టీని గుండ్రంగా తిప్పుతూ మిషన్ కుట్టు వేసి ఉంటే అది అల్లిన పనామా కాదు. అసలుది నడినెత్తి మీద మధ్య నుంచి మొదలై అంచు దాకా ఒకే అల్లికగా వస్తుంది.

మన ఎండలకి నేనైతే ఫెల్ట్ చెప్పను. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫెల్ట్ ఫెడోరా పెట్టుకుంటే తల కుక్కర్ అవుతుంది. పొలంలో తాతయ్యలు తువ్వాలు చుట్టుకునేది గాలాడుతూ నీడనిస్తుందనే కదా. ఆ లెక్కన మనకి అల్లిన గడ్డి టోపీ బెస్ట్. బేస్‌బాల్ క్యాప్ ముఖానికే నీడనిస్తుంది, చుట్టూ అంచు ఉన్న టోపీ చెవులకీ మెడకీ కూడా ఇస్తుంది. ఫెల్ట్‌ని చలికాలానికి, లేదా ఊటీ ట్రిప్‌కి దాచుకోండి.

సైజు దగ్గర నాలోని ఇంజనీర్ నిద్ర లేస్తాడు. చెవుల మీదుగా నుదురు మధ్య నుంచి టేపు చుట్టండి. 58 సెం.మీ. వచ్చిందనుకుందాం. అమెరికన్ సైజు 7 1/4 అంటారు. ఎక్కడిదీ నంబర్? 58ని అంగుళాల్లోకి మార్చి పైతో భాగించండి, దాదాపు 7.27. అంటే మీ తల గుండ్రం అనుకుంటే దాని వ్యాసం! బ్రిటిష్ సైజులో అదే తల 7 1/8, కాబట్టి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేటప్పుడు ఏ దేశం సైజో చూసుకోండి. లేదా హాయిగా సెంటీమీటర్లలోనే కొనండి. కాస్త వదులైతే లోపలి పట్టీ వెనక సన్నటి ఫోమ్ ముక్క పెడితే సరిపోతుంది. బిగుతైతే మాత్రం తిరిగి పంపేయండి, సాగుతుందిలే అనుకోవద్దు, సాయంత్రానికి తలనొప్పి గ్యారంటీ.

వాడకం సంగతి. సినిమా హీరోలా పైన నొక్కు పట్టుకుని తీయకండి, రోజూ అక్కడే వేళ్ళు పడితే చిరుగుతుంది. అంచు పట్టుకుని తీయండి. టేబుల్ మీద తలకిందులుగా పెట్టండి, అంచు వంకర పోదు. బైక్ మీద గాలికి ఎగిరిపోతుందని ఎలాగూ పెట్టరు, పెట్టకూడదు కూడా, అక్కడ హెల్మెటే. నడిచేటప్పుడు గాలి భయం ఉంటే పాతకాలం టోపీలకి ఒక సన్నటి తాడు, చివర గుండీ ఉండేవి. ఆ గుండీని కోటు కాలర్ రంధ్రంలో పెట్టుకునేవాళ్ళు, టోపీ ఎగిరినా పోదు. గడ్డి టోపీని ఎండిపోయి ఉన్నప్పుడు మడిస్తే మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎండలో ఆపిన కారులో టోపీ వదిలేయకండి. ఆ వేడికి తోలు పట్టీ కుదించుకుపోతుంది, మర్నాడు అదే టోపీ మీ తలకి పట్టదు.

మొదటి టోపీ ఏది కొనాలి అంటే నా ఓటు ఫ్లాట్ క్యాప్‌కి. చవక, బ్యాగులో పడుతుంది, ఆఫీసులో ఎవరూ "ఏంటి బ్రో షూటింగా" అని అడగరు. ఒకట్రెండుసార్లు అడిగినా, రెండు వారాలు వరసగా పెట్టుకెళ్తే పెట్టనిరోజు అడుగుతారు, టోపీ ఏది అని. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.