కంటిగాయమును పట్టియిచ్చు రంగు

నూర్పిళ్ళు సాగు దినములలో నాయొద్దకు వచ్చు రోగులు తరచుగా చెప్పుమాట యొకటి కలదు: "వడ్లపొట్టు కంటిలో పడినదండీ. నలుసు పోయినది గాని మంట పోలేదు." చూడగా కన్ను ఎఱ్ఱబడియుండును, గాయము మాత్రము కానరాదు. నల్లగ్రుడ్డును కప్పిన పొర గాజువలె స్వచ్ఛమైనది. దానిపై సన్నని గీత యెట్లు కనబడును?

అట్టి గాయమును పట్టియిచ్చు రంగు పేరు ఫ్లోరెసీన్. 1871లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ దీనిని తయారుచేసెను. ఇది నీలికాంతిని త్రాగి పచ్చకాంతిని వెడలించును. మిణుగురువలె తనంతట వెలుగదు. వెలుగు సోకినంతసేపే వెలుగును. మిక్కిలి కొంచెమున్నను కనబడుటయే దీని మహిమ. 1877లో జర్మనీయందు డాన్యూబు నదీజలము నేలలోనికి ఇంకిపోవుచోట ఈ రంగును 10 కిలోగ్రాములు కలిపిరి. సుమారు 60 గంటలకు, 12 కిలోమీటర్ల దూరమున, ఆఖ్ నదియొక్క ఊట పచ్చగా మెఱయుచు పైకుబికెను! అంతర్వాహిని యను మాట మనకు క్రొత్తది కాదు. అచ్చట దాని జాడ కంటికి కనబడినది.

కంటిలోను దీనిది వేగువాని పనియే. రంగు పట్టించి యారబెట్టిన కాగితపుముక్కను తడిపి క్రిందిఱెప్ప లోపల తాకింతుము. ఱెప్ప లార్పగనే రంగు కన్నీటితో కన్నంతయు వ్యాపించును. నల్లగ్రుడ్డు పైపొరలోని కణములు ఒకదానినొకటి బిగియబట్టి యుండుటచే అది లోనికి పోజాలదు. పొర లేచినచోట మాత్రము ఇంకి నిలుచును. నీలిదీపము చూపగా గాయ మెంతమేర నున్నదో అంతమేర పచ్చగా వెలుగును. పిమ్మట కొంతసేపు కన్నీరు పసుపుగా కారును, చీమిడియు పసుపగును. కన్నీటికి ముక్కులోనికి దారి యున్నది గనుక బెదరవలదు.

గీచుకొన్న చోట బూజుజాతి సూక్ష్మజీవులు చేరినచో పుండగును. పుండు మానినను తెల్లపూవు మిగిలి చూపు మందగించును. ఆకుపసరులు, చనుబాలు పోయువారు నేటికిని కలరు. అంతకంటె చెడ్డది, అంగడిలో నడిగి స్టెరాయిడు చుక్కలు వేసికొనుట. అవి ఎఱుపు నణచును, బూజును పెంచును. రోగి తగ్గెననుకొని యింట కూర్చుండును.

ఏ క్రిమి చేరినదో ఈ రంగు చెప్పదు. అందులకు పుండును కొంచెము గీరి సూక్ష్మదర్శినిలో చూడవలెను. నలుసు పడిన మఱునాటికిని మంట తగ్గనిచో, వెలుతురు చూడలేనిచో, రోగిని నేత్రవైద్యుని యొద్దకు పంపుడు. అంతకుముందు కంటిలో ఏ చుక్కలు వేసిరో ఆ సీసానుగూడ వెంట పంపుడు.