బ్రష్షుతో రుద్దితే ఒళ్ళు తళుక్కుమంటుందా?

పళ్ళు తోముకునే బ్రష్షు తెలుసు. మరి ఒళ్ళు తోముకునే బ్రష్షు? అదీ నీళ్ళు, నూనె, సబ్బు ఏవీ లేకుండా! షేక్‌పేట దాటి ఫిలిం నగర్, జూబ్లీ హిల్స్ వైపు కొండెక్కితే స్పా బోర్డులకు కొదవ లేదు. తారలు తిరిగే చోటు కదా, అక్కడ ఏ చిట్కా వినబడ్డా అభిమానుల ఇళ్ళదాకా పాకుతుంది. ‘డ్రై బ్రషింగ్’ అలాంటిదే.

పద్ధతి తేలికే. స్నానానికి ముందు, పొడి ఒంటిమీద, మెత్తటి కుచ్చు బ్రష్షుతో పాదాల నుంచి గుండె వైపు రుద్దాలి. నాలుగైదు నిమిషాలు చాలు. తర్వాత స్నానం, ఆపైన కాస్త కొబ్బరినూనె.

ఇది పడమటి దేశాల వింత అనుకునేరు! పొడి చూర్ణంతో ఒళ్ళు రుద్దే ‘ఉద్వర్తనం’ ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. పెళ్ళికూతురికి పెట్టే నలుగు దానికి చెల్లెలే. నువ్వులనూనె, సున్నిపిండి, చుట్టూ అమ్మలక్కల వేళాకోళం... బ్రష్షుకి ఆ భోగం ఎక్కడిది! తొట్టిలో కూర్చోబెట్టి తడిగుడ్డతో రుద్దించే ‘ఘర్షణ స్నానం’ చెప్పిన జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది.

మరి ఫలితం? మృతకణాలు రాలి చర్మం నునుపుగా తగులుతుంది. రక్తం జోరుగా పారి కాసేపు నిగనిగలాడుతుంది. అంతవరకు నిజం. ఒంట్లో విషాలు పోతాయని, తొడల కొవ్వు కరుగుతుందని చెప్పేదానికి మాత్రం రుజువు లేదు. విషాల సంగతి చూడ్డానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయిగా!

అసలు చిక్కు రంగు దగ్గర. తెల్లబడాలని రోజూ గట్టిగా రుద్దితే మనబోటి చామనఛాయ వాళ్ళు నల్లబడతారు సుమా! రాపిడికి చర్మంలో మెలనిన్ పేరుకుని వీపు మీద, మెడ ఎముకల మీద, చేతుల మీద మచ్చలు కడుతుంది. నైలాన్ తువ్వాళ్ళతో రుద్దుకునేవాళ్ళలో ఈ మచ్చలను 1980లలో జపాన్ వైద్యులు వివరించారు. మన దేశపు చర్మవైద్యులకూ ఇవి కొత్త కాదు. పట్టిన మచ్చ పోవాలంటే నెలలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోనే పోదు. తెరమీది తార మెరుపులో మేకప్పు, లైట్లు, షూటింగయ్యాక రంగులు దిద్దే కంప్యూటరు వాటా చాలా ఉంది. దానికోసం మీ వీపు గీక్కోవడమెందుకు?

సరదాగా చెయ్యాలనుంటే వారానికి ఒకట్రెండుసార్లు, ఈక తగిలినంత మెల్లగా. ముఖం జోలికి పోవద్దు. మొటిమలు, తామర, కోతలు, ఎండకు కమిలిన చోట్లు అసలే వద్దు. ఒకరి బ్రష్షు మరొకరు వాడొద్దు. అప్పుడప్పుడు సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టండి. బ్రష్షెందుకు, పెరట్లో బీరపీచుంది అంటారా? ఎండినప్పుడు అది ముల్లే. బాగా నానబెట్టి వాడండి.