మరమ్మతుతో చెరిగిపోయే లోపం, మిగిలిపోయే లోపం

అమెరికాలో సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు కొనేవాళ్లు బేరానికి దిగకముందే చేయదగిన పని ఒకటుంది. మన దగ్గర ఛాసిస్ నంబరు ఉన్నట్టే అక్కడ ప్రతి బండికీ అక్షరాలూ అంకెలూ కలిపి 17 గుర్తులున్న విన్ నంబరు ఉంటుంది. దాన్ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొడితే, కంపెనీ వెనక్కి పిలిచినా మరమ్మతు జరగకుండా మిగిలిపోయిన రీకాల్స్ ఏమున్నాయో తెలుస్తుంది. ఒకటో రెండో కనిపించగానే కొందరు ఇదెక్కడి తద్దినం అనుకుని మరో బండి వెతుక్కుంటారు. మరికొందరు ఎలాగూ ఉచితంగా బాగుచేస్తారు కదా అని సంతకం పెట్టేస్తారు. రెండూ తొందరపాటే. రీకాల్ అయిన లోపం మనిషికి ఎంత ప్రమాదం అన్నది ఒక ప్రశ్న, బండి కొనేవాడికి ఎంత నష్టం అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు కంపెనీ నోటీసులోనే ఉంటుంది. రెండోదానికి జవాబు కావాలంటే, ఆ లోపంతో తిరిగిన ఇన్నేళ్లలో బండి ఒంట్లో ఏం జరిగింది, మరమ్మతు ఆ జరిగినదాన్ని చెరపగలదా అని అడగాలి. ఇలా అడిగితే వచ్చే జవాబులు కొన్నిసార్లు మనం ఊహించినదానికి పూర్తిగా తలకిందులుగా ఉంటాయి.

అన్నిటికన్నా భయపెట్టే రీకాల్‌నే ముందు తీసుకుందాం. టకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్ బ్యాగుల్లో, సంచీని ఊదడానికి కావలసిన వాయువు అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు మండడం వల్ల పుడుతుంది. ఆ బిళ్లలు ఇన్‌ఫ్లేటర్ అనే ఉక్కు డబ్బాలో ఉంటాయి. అమ్మోనియం నైట్రేట్‌కు చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి ఏళ్ల తరబడి వ్యాకోచిస్తూ సంకోచిస్తూ, చెమ్మ కూడా తోడై, బిళ్లల్లో సన్నని పగుళ్లూ ఖాళీలూ ఏర్పడతాయి. దుంగ నిదానంగా కాలుతుంది, అదే దుంగను రంపపు పొట్టు చేస్తే భగ్గుమంటుంది. గుల్లబారిన బిళ్లా అంతే. మండే ఉపరితలం పెరిగి వాయువు ఒక్కసారిగా తన్నుకొచ్చి ఉక్కు డబ్బా పగులుతుంది, ముక్కలు సంచీని చీల్చుకుని కూర్చున్నవాళ్ల మీదికి వస్తాయి. చెమ్మను పీల్చే మందు డబ్బాలో లేకపోవడం, వేడి మారుతూ ఉండడం, తేమ లోపలికి చొరబడడం, ఈ మూడూ కలిసి కారణమని వాహన కంపెనీలు కలిసి చేయించిన స్వతంత్ర పరిశోధన 2016లో తేల్చింది. అమెరికాలోనే 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. అక్కడ ఇరవై అయిదు మందికి పైగా చనిపోయారు. పికప్‌ల విషయంలో గుర్తుంచుకోవలసింది ఫోర్డ్ రేంజర్ 2006 మోడల్. 2015లో సౌత్ కరోలినాలో ఒకరు, 2017లో వెస్ట్ వర్జీనియాలో ఒకరు దానిలో చనిపోయారు. ఆ రెండు ఇన్‌ఫ్లేటర్లూ ఒకే రోజు తయారైనవని బయటపడ్డాక, 2018 జనవరిలో దాదాపు 2,900 ట్రక్కుల యజమానులకు, మరుసటి నెలలో మరో 33 వేల మందికి, బండి బయటికి తీయవద్దని ఫోర్డ్ చెప్పింది. 2003 మోడల్ డాడ్జ్ రామ్ 1500 ట్రక్కులు దాదాపు 29 వేలకు 2023లో అలాంటి హెచ్చరికే వచ్చింది.

ఇంత ఘోరమైన లోపం కొనేవాడి లెక్కలో మాత్రం అన్నిటికన్నా శుభ్రంగా తేలిపోతుంది. పాడైనదంతా ఆ డబ్బాలోనే ఉంది. డబ్బా తీసి కొత్తది బిగిస్తే ఇరవై ఏళ్ల ఎండా చెమ్మా పాత డబ్బాతోనే వెళ్లిపోతాయి. స్టీరింగుకు గాని, ఇంజిన్‌కు గాని, ఛాసిస్‌కు గాని దాని మచ్చ ఏదీ అంటదు. అయితే ఆ పని బండి నడపకముందే జరగాలి. "మూడేళ్లుగా నడుపుతున్నా, ఏమీ కాలేదు" అని అమ్మేవాడు అనవచ్చు, నిజాయతీగానే అనవచ్చు. కానీ ఎయిర్ బ్యాగు బండి గుద్దుకున్నప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది, మూడేళ్లలో గుద్దుకోకపోతే దాన్ని ఎవరూ పరీక్షించనట్టే. శబ్దం రాదు, దీపం వెలగదు, మెకానిక్కుకు చూపించినా డబ్బా లోపలి బిళ్లలు కనపడవు. ఇక్కడ అక్కరకొచ్చే సమాచారం రెండే: బండి వయసు, అది ఇన్నాళ్లూ ఏ ఊళ్లో ఉంది అన్నది. కొన్ని పాత హోండా కార్ల ఇన్‌ఫ్లేటర్లు పరీక్షల్లో 50 శాతం దాకా పగిలినట్టు 2016లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పింది, కాబట్టి ఇదేదో కోటికొక్కటి సంగతి అని కొట్టిపారేయడానికి లేదు. వేడీ తేమా ఎక్కువున్న రాష్ట్రాలను ఆ సంస్థ అత్యంత ప్రమాద మండలంలో చేర్చింది, అందులో ఫ్లోరిడాతో పాటు టెక్సాస్ కూడా ఉంది. డాలస్ చుట్టుపక్కల ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి గనక ఈ సంగతి పనిగట్టుకుని చెప్పాలి. మరో మెలిక కూడా ఉంది. మొదట్లో కొన్ని బండ్లకు పాతదాని బదులు టకాటా వారి కొత్త ఇన్‌ఫ్లేటరే బిగించి, తరవాత దాన్నీ మార్చవలసి వచ్చింది. ఒకసారి మార్చాం అన్న బిల్లు చూసి ఊరుకోకుండా విన్ నంబరు మళ్లీ కొట్టి చూడడం మంచిది.

ఇంజిన్ రీకాల్ దగ్గరికి వస్తే కథ మారుతుంది. జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. 6.2 లీటర్ల ఎల్87 ఇంజిన్ ఉన్న 2021 నుంచి 2024 దాకా సిల్వరాడో 1500, సియెరా 1500 ట్రక్కులు, మరికొన్ని పెద్ద ఎస్‌యూవీలు వాటిలో ఉన్నాయి. కనెక్టింగ్ రాడ్‌లోనూ క్రాంక్ షాఫ్ట్‌లోనూ తయారీ లోపాలు ఉండవచ్చన్నది ఫిర్యాదు. తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందులో ఆయిల్ పొర నిలిచినంత కాలం లోహం లోహాన్ని తాకదు. షాఫ్ట్ ఉపరితలం సరిగా నునుపెక్కకపోయినా, ఆయిల్ దారిలో చెత్త మిగిలినా ఆ పొర తెగుతుంది, బేరింగు అరుగుతుంది, అరిగిన పొడి మళ్లీ ఆయిల్‌లోనే తిరుగుతుంది. కంపెనీ చెప్పిన పరిష్కారం రెండు రకాలు. పరీక్షలో తప్పిన ఇంజిన్‌ను బాగుచేయడం లేదా మార్చడం ఒకటి. పరీక్ష పాసైతే అప్పటిదాకా పోస్తున్న 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, మూతా ఫిల్టరూ మార్చి, కొత్త సూచనలు ఇచ్చి పంపడం రెండోది. చిక్కటి ఆయిల్ మందమైన పొరను నిలుపుతుంది, ఇక ముందు జరిగే అరుగుదలను తగ్గిస్తుంది. ఇప్పటికే పడిన గీతను మాత్రం పూడ్చదు. ఇంతా అయ్యాక విన్ నంబరు కొడితే "రీకాల్ ఏమీ లేదు" అని వస్తుంది! అంటే ఇక్కడ రీకాల్ మూసుకుపోవడమూ లోపం మాయం కావడమూ ఒకటి కాదు. ఇలాంటి ట్రక్కు కొనేవాళ్లు రీకాల్ పూర్తయిందా అని అడిగి వదిలేయకూడదు. ఏ దారిన పూర్తయింది, ఇంజిన్ మార్చారా, ఆయిల్ మార్చారా అన్నది డీలరు ఇచ్చిన కాగితంలో చూడాలి.

దీని పక్కన టొయోటా టండ్రాను పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. తయారీ సమయంలో మిగిలిన లోహపు పొడి ఇంజిన్‌లో ఉండిపోయి బేరింగులు పాడయ్యే అవకాశం ఉందని 2024 మే నెలలో ఆ కంపెనీ 2022, 2023 మోడల్ టండ్రాలతో కలిపి లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. తరవాత పరిష్కారంగా ఇంజిన్లనే మారుస్తామంది. లోపాలు రెండూ దగ్గర చుట్టాలే, మందులు మాత్రం వేరు. ఇంజిన్ మొత్తం మారితే పాత అరుగుదల పాత ఇంజిన్‌తో పోతుంది. అందుకే రీకాల్ ఇంకా తెరిచి ఉన్న టండ్రా, ధర సరిపడితే, నా దృష్టిలో చెడ్డ బేరం కాదు. కొన్నవాడికి కొత్త ఇంజిన్ బాకీ ఉన్నట్టే లెక్క. ఆ వంతు వచ్చేదాకా రోడ్డు మీద ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉంటుంది, అది చిన్నది కాదు. హైవే మీద వెనక లారీలు వస్తుండగా బండి చచ్చుబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంజిన్ మార్చే పని డబ్బు చేతులు మారకముందే అయిపోతే మేలు.

ఇక తుప్పు. చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది పికప్ ఛాసిస్‌ను లోపలి నుంచి తినేస్తుంది. 1995 నుంచి 2000 దాకా వచ్చిన టొయోటా టకోమాల ఛాసిస్‌లకు చిల్లులు పడుతుంటే 2008లో కంపెనీ వారంటీని పదిహేనేళ్లకు పొడిగించింది, మరీ పాడైన ట్రక్కులను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనుక్కుంది. ఇంత చేసినా అది చట్టపరంగా రీకాల్ కాదు, వినియోగదారులకు చేసిన సాయం మాత్రమే. 2009లో 2000-2003 టండ్రాలకు అదే తుప్పు జబ్బు వచ్చి, ఛాసిస్ కింద వేలాడే స్టెప్నీ టైరు ఊడి రోడ్డు మీద పడవచ్చని తేలాక దాదాపు లక్షా పదివేల బండ్లకు అసలు రీకాలే ప్రకటించారు. తరవాతి తరం టకోమాలకు, అంటే 2005-2010 మోడళ్లకు, 2016లో కోర్టు ఒప్పందం ద్వారా పరిష్కారం వచ్చింది, అదీ రీకాల్ కాదు. ఒకే ఉప్పు, ఒకే రకం ఇనుము, కాగితం మీద మూడు వేర్వేరు పేర్లు. విన్ నంబరు కొట్టిన మనిషికి వీటిలో కనపడే వీలున్నది రీకాల్ ఒక్కటే. పైగా పదిహేనేళ్లు దాటిన రీకాల్స్, కంపెనీ తనంతట తాను కొనసాగిస్తే తప్ప, ఆ వెబ్‌సైటు చూపించదు. ఉచితంగా బాగుచేయాలన్న చట్టబద్ధమైన బాధ్యత కూడా బండి మొదటిసారి అమ్ముడైన నాటి నుంచి పదిహేనేళ్లే. టకాటా మరమ్మతులు మాత్రం ఆ గడువు దాటినా ఉచితంగానే చేస్తున్నారు. అందుచేత ఏ రీకాలూ కనిపించని పాత పికప్, రీకాల్ ఉన్న కొత్త పికప్ కన్నా భద్రమైనదని అనుకోవడం ప్రమాదం. సుత్తితో ఛాసిస్ మీద కొట్టి చూసే మెకానిక్ చెప్పేది ఆ వెబ్‌సైటు చెప్పదు.

రీకాల్ తెరిచి ఉన్నంత మాత్రాన బండిని వదులుకోనక్కర్లేదన్న ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఉచితంగా చేస్తామన్న మరమ్మతునే చేయించుకోని యజమాని, ఆయిల్ మాత్రం టైముకు మార్చి ఉంటాడా? రీకాల్ తెరిచి ఉండడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం కాదా? కొంతవరకు నిజమే, కానీ అనుకున్నంత గట్టి సాక్ష్యం కాదు. కంపెనీ ఉత్తరాలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకు వెళతాయి. పాత బండి రెండు మూడు చేతులు మారి ఉంటుంది, ఇప్పటి యజమానికి ఉత్తరమే అంది ఉండకపోవచ్చు. పిలిచిన బండ్లలో పావు నుంచి మూడో వంతు దాకా మరమ్మతుకు రావు, బండి వయసు పెరిగేకొద్దీ వచ్చేవి ఇంకా తగ్గుతాయి. ఇన్ని లక్షల మంది బండిని పట్టించుకోనివారే అయి ఉండరు. బండిని ఎలా చూసుకున్నారో తెలియాలంటే సర్వీస్ కాగితాలూ టైర్ల అరుగుదలా ఆయిల్ రంగూ చెబుతాయి, రీకాల్ జాబితా చెప్పదు. అయితే ఒక సందర్భంలో ఈ అభ్యంతరమే నెగ్గుతుంది: ఇంజిన్ రీకాల్ తెరిచి ఉండగా, ఆ బండితో ట్రైలర్లు లాగుతూ, ఇంజిన్ కొట్టుకునే శబ్దం వస్తున్నా పట్టించుకోకుండా తిప్పిన యజమాని. అక్కడ నిర్లక్ష్యమూ లోపమూ ఒకే బేరింగు మీద పనిచేశాయి.

రీకాల్ చూపించి ధర తగ్గించమని అడగవచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆ కంపెనీ డీలర్లలో ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు, ఎన్నో యజమాని అన్నదానితో పని లేకుండా ఉచితంగా చేయాలి, కాబట్టి ధర తగ్గించడానికి న్యాయమైన కారణం పోయేది సమయమే. పది రోజులు బండి షెడ్డులో ఉంటే కూలికి ట్రక్కు నడుపుకునేవాడికి నష్టమే, ఆ మేరకు అడగవచ్చు. ఎయిర్ బ్యాగు రీకాల్‌కు మాత్రం వెయ్యి డాలర్లు తగ్గిస్తే కళ్లు మూసుకుని కొనడం తెలివితక్కువ బేరం. ఖర్చే లేకుండా తొలగిపోయే ప్రమాదాన్ని డబ్బు తీసుకుని మోస్తున్నట్టు అవుతుంది. అమ్మేవాడే మరమ్మతు చేయించి ఇవ్వాలని షరతు పెట్టడం న్యాయం. అమెరికా కేంద్ర చట్టం ఈ విషయంలో కొనేవాడికి పెద్దగా అండగా లేదు. రీకాల్ పెండింగులో ఉన్న కొత్త బండిని డీలరు అమ్మకూడదు. 35కు మించి బండ్లున్న కంపెనీ అలాంటిదాన్ని అద్దెకూ ఇవ్వకూడదని 2015లో చట్టం చేశారు. పాత బండి అమ్మే డీలరుకు అలాంటి నిషేధం లేదు. మన దేశంలో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరి, 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు, అయితే నిర్బంధ రీకాల్ ఏడేళ్ల లోపు వాహనాలకే. కంపెనీలు తమంతట తాము పిలిచేవీ ఉన్నాయి. పైపు బిగింపు సరిచూడడానికి మహీంద్రా 2021లో దాదాపు 30 వేల పికప్‌లను పిలిచింది. మన సంతల్లో చేతులు మారే పికప్‌లలో చాలా భాగం ఏడేళ్లు దాటినవే గనక, అక్కడ మెకానిక్ కన్నే దిక్కు.

మిగిలింది పరిష్కారం ఇంకా రాని రీకాల్. 2023 డిసెంబరులో ఫోర్డ్ 2021-2023 ఎఫ్-150లలో ఒక రకం బరువైన వెనక యాక్సిల్ ఉన్న దాదాపు 1,13,000 ట్రక్కులను పిలిచినప్పుడు, హబ్ బోల్టు అలసి విరగవచ్చని చెప్పింది గాని మందు అప్పటికి సిద్ధం కాలేదు. ఇలాంటప్పుడు "ఉచితం" అన్న మాటకు విలువ లేదు, ఎప్పుడన్నదే లెక్క. బోల్టు విరిగాక తిప్పితే హబ్ లోపలి పళ్లు కూడా అరుగుతాయి, అంటే చెరిగిపోయే లోపం నెమ్మదిగా మిగిలిపోయే లోపంగా మారుతుంది. రోజూ బరువు మోసే పనికి అలాంటి ట్రక్కే కావాలనుకునేవాడు, మందు ఇంకా రాకపోతే, వచ్చేదాకా ఆగడం నయం. ఇప్పటికే కొన్నవాడు వెనక చక్రాల దగ్గర టకటక శబ్దం వింటే అక్కడితో ఆపాలి. ఆ పళ్లు పూర్తిగా పోతే గేరు పార్క్‌లో ఉన్నా ట్రక్కు దొర్లిపోవచ్చు, అందుకని నిలిపిన ప్రతిసారీ పార్కింగ్ బ్రేకు వేయాలి.