పొందూరు పోగు

తెలుగువారి నోట నూలుపోగు నిత్యము ఆడుచునే యుండును. మొదట మెత్తగా వచ్చి చేరి, పిదప కదలక తిష్ఠవేసినవానిని గూర్చి "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అందుము. సభలో ఒకరు మరియొకరి తప్పులను విప్పి చూపినచో "ఏకిపెట్టినాడు" అందుము. మహనీయునకు అల్పమైన కానుక నిచ్చునపుడు "చంద్రునికొక నూలుపోగు" అని వినయము ప్రకటింతుము. మాటలు నిలిచినవి గాని, ఆ మాటలకు పుట్టినిల్లయిన వస్తువులు కన్నుల యెదుటనుండి తొలగిపోయినవి. నేటి తరగతిలో "ఏకు అననేమి?" అని ఉపాధ్యాయుడు ప్రశ్నించినచో, చూచి చెప్పగల విద్యార్థి అరుదు. గింజ తీసి, వింటినారితో పొడిపొడిగా విప్పిన దూదిని సన్నగా చుట్టిన మెత్తని చుట్టయే ఏకు. రాట్నపు కదురునకు అందించునది అదియే. మేకు ఇనుముతో చేసినది. ఈ రెంటికి గల దూరము చేతితో తాకి తెలిసికొన్నవానికే ఆ సామెతలోని చమత్కారము పూర్తిగా బోధపడును.

ఒకప్పుడు ఈ వస్తువులకై దూరము పోవలసిన పని లేకుండెను. అనేక గృహముల పెరటిలో బీరపాదు, ఆనపపాదుల సరసనే ఒక పత్తిచెట్టు ఉండెడిది. ఏటేట పొలమున విత్తు పైరువలె గాక, అది కొన్నియేండ్లు నిలిచి, పూచి, కాచి, కాయ పగిలినపుడెల్ల పిడికెడు దూది నిచ్చెడిది. ఇంటి పెద్దామె ఆ దూదిని గింజ తీసి, విభూతి అద్దుకొన్న వ్రేళ్లతో కార్తిక దీపములకు వత్తులు చేసికొనెడిది. జందెములకు కావలసిన నూలును తకిలిపై వడుకు పెద్దలును ఉండిరి. వంటకును పూజకును నడుమ మిగిలిన ప్రొద్దు ఈ విధముగా చేతిపనియై, ఇంటికి ఉపయోగపడెడిది.

ఆ యింటి పనియే ఒక ఊరివారి విద్యగా పరాకాష్ఠ నందిన చోటు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు. అచటి సన్నని ఖద్దరు జాతీయోద్యమ కాలముననే దేశమంతట పేరొందెను. ఆ వస్త్రపు నాణ్యమును చూచి గాంధీమహాత్ముడు తన కుమారుడు దేవదాసు గాంధీని పొందూరునకు పంపి, ఆ పనితీరును పరిశీలింపజేసి, 'యంగ్ ఇండియా' పత్రికలో దానిని ప్రశంసించెను. 1949లో అచట ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడి, వడుకువారికిని నేయువారికిని ఆధారమయ్యెను.

పొందూరు ప్రత్యేకత పత్తితోనే ప్రారంభమగును. కొండపత్తి, పునాసపత్తి యను దేశవాళి రకములు ఇచట వాడుకలో నున్నవి. మొదటి పని దువ్వుట. దానికి సాధనము కొయ్య దువ్వెన గాని ఇనుప దువ్వెన గాని కాదు. వాలుగ చేప దవడ! ఆ దవడయందు సన్నని పండ్లు దట్టముగా వరుసలు తీరి యుండును. గింజతో నున్న పత్తిని దానితో నెమ్మదిగా దువ్వినచో నలుసులు రాలిపోయి, పింజ తెగక, పోగులన్నియు ఒకేవైపునకు తిరుగును. ఈ దవడలను గోదావరీ ప్రాంతమునుండి తెప్పించుకొనుట వాడుక. పిదప పత్తిని చిన్న పలకపై నుంచి, ఇనుప కడ్డీని దొర్లించి గింజను వేరుచేయుదురు. ఆ దూదిని వింటితో ఏకి, ఏకులుగా చుట్టి, ఎండిన అరటిదొప్పలో దాచుదురు. ఇంతవరకు జరిగినది సన్నాహము మాత్రమే. రాట్నము ఇంకను తిరుగనే లేదు.

ఇక వడుకుట. ఒక చేయి రాట్నమును త్రిప్పుచుండగా రెండవ చేయి ఏకును పట్టి వెనుకకు లాగుచుండును. చక్రము పెద్దది, కదురు సన్నది. అందుచే చక్రము ఒక చుట్టు తిరుగులోపల కదురు పెక్కు చుట్లు తిరిగి దూదికి పురి నిచ్చును. ఎండిన పత్తిపోగు నిటారుగా నుండక మెలికలు తిరిగి యుండును. పురి పడినపుడు ఆ మెలికలు ఒకదానినొకటి పట్టుకొనును. అందుకే వ్రేలెడైనను లేని పోగులు కలిసి మైళ్ల పొడవు దారమగుచున్నవి. ఇందొక వింత గలదు. పురి ఎప్పుడును మొదట సన్నని చోటికే పరుగెత్తి దానిని గట్టిపరచును. లావైన చోట పురి తక్కువగుటచే, చేయి లాగినకొలది అదియే సాగి సన్నబడును. ఈ విధముగా హెచ్చుతగ్గులు తమంత తామే సరిపడుచుండును. అయితే ఎంత లాగవలెనో, ఎప్పుడు ఆగవలెనో చెప్పు కొలబద్ద ఏదియు లేదు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ జాఱు దూదియే ఆ సంగతి చెప్పవలెను. ఒక్క క్షణము ఆలస్యమైనచో పోగు ముద్దకట్టును, తొందరపడినచో తెగును.

ఆ పోగు ఎంత సన్నమో లెక్కచే తెలియగలదు. ఒక పౌను బరువు నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యున్నవో అదియే ఆ నూలు నంబరు. పొందూరున వడుకు మేలిరకపు నూలు 100 నంబరునకు చేరును. అనగా ఒక పౌను నూలు 84,000 గజముల పొడవు. సుమారు 77 కిలోమీటర్లు! ఒక గురిగింజ ఎత్తు నూలును చాచినచో రమారమి 20 మీటర్లు వచ్చును. ఇక బట్ట సంగతి. 36 అంగుళముల పన్నాతో, అంగుళమునకు 60 పోగుల చొప్పున పడుగును పేకయు వేసితిమనుకొనిన, ఒక గజము బట్టకు 4,320 గజముల నూలు కావలెను. నాలుగు గజముల బట్టలో దాదాపు 16 కిలోమీటర్ల నూలు ఇమిడియుండును. అందులో ప్రతి అంగుళమును ఒక స్త్రీ వ్రేళ్ల నడుమ నుండి జాఱి వచ్చినదే. బడిపిల్లలకు ఈ లెక్క నొసగుట మంచిది. గుణకారముతోపాటు గౌరవమును అలవడును.

పొందూరు దువ్వెనయైన వాలుగ దవడకు మరియొక చోట చుట్టరిక మున్నది. వంగదేశమున ఢాకా మస్లిను నేసిన కాలమున అచటివారును ఈ చేప దవడతోనే పత్తిని దువ్వెడివారు. అచట దాని పేరు బోయాల్. మేఘనా నదీతీరమున పండిన ఫుటీ కార్పాసమనునది వారి పత్తి. ఆ వస్త్రము రాజాస్థానములను, యూరపు ఖండమును మురిపించినది. కాని బ్రిటిషు పాలనలో పోషకులు తగ్గిరి, ఆంగ్లదేశపు మిల్లునూలు వచ్చి పడెను, వడుకువారికి కూలి గిట్టకపోయెను. పందొమ్మిదవ శతాబ్దములో ఆ మేలిరకపు మస్లిను అంతరించెను. దానితో ఆ పత్తిమొక్కయు కానరాకపోయెను. ఇటీవల బంగ్లాదేశమున దానిని పునరుద్ధరింప బూనినపుడు, పాత మొక్కను పోలిన జాతిని వెదకుటకే పరిశోధకులు ఏండ్ల తరబడి శ్రమింపవలసివచ్చెను. మగ్గమును మరల చేయించుకొనవచ్చును. కాని వ్రేళ్లలో నున్న విద్య ఒక తరమున తెగినచో, దానిని అతికించుట అంత సులభము కాదని ఢాకా చరిత్ర చెప్పుచున్నది.

ఆంధ్రదేశమునకు ఖద్దరు చరిత్రలో స్థానము చిన్నది కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభలోనే అఖిల భారత ఖద్దరు మండలి ఏర్పడినది. మరుసటి యేడు గాంధీజీ అధ్యక్షతను జరిగిన బెల్గాం మహాసభ, కాంగ్రెసు సభ్యుడు నెలకు 2,000 గజముల నూలు చందాగా ఈయవలెనని నిర్ణయించెను. ఏడాదికి 24,000 గజములు! పై లెక్క ప్రకారము అది అయిదున్నర గజముల బట్టకు సరిపోవును. ఆ నియమము పలువురకు భారమయ్యెను. 1925లో అది సడలి, ధనరూపమున చందా ఇచ్చు వీలు కలిగెను. ఆ యేడే చరఖాసంఘము నెలకొనెను. ఆ యేడే విశ్వకవి రవీంద్రుడు చరఖాను అందఱిపై రుద్దుట తగదని విమర్శించుచు వ్యాసము వ్రాసెను. ఆ వాదమునకు గాంధీజీ సమాధానమిచ్చెను. ఇద్దరిలో నెవరు గెలిచిరనుట ఇచట అప్రస్తుతము. కోరి వడుకుట వేరు, కూటికై వడుకుట వేరు అను భేదమును మాత్రము ఆ వాదము తేటపరచును.

1937లో వార్ధాలో జరిగిన విద్యాసభ పిమ్మట తకిలి బడిలోనికిని వచ్చెను. చేతిపని మూలమున చదువు చెప్పవలెనను ఆ మూలవిద్యా విధానము క్రమముగా క్షీణించినది. పెక్కుచోట్ల అది గంట కొట్టినపుడు పట్టి, గంట కొట్టినపుడు విడిచిన పనియై, పిల్లలకు విసుగు పుట్టించినది. అయినను తకిలి పట్టిన బాలుడు బొంగరపు సూత్రమును, పొడవు బరువుల నిష్పత్తిని, ఓర్పును ఒకే పుల్లయందు నేర్చుకొనుట కద్దు. ఆ లాభము నేటికిని లభింపదగినదే.

పొందూరు నేటి స్థితి సంతోషముతోపాటు వేదనయు కలిగించును. 1950 తరువాత అంబర చరఖా వచ్చి, ఒకేసారి పెక్కు కదుళ్లను త్రిప్పి, ఖాదీ కేంద్రములలో ఉత్పత్తిని పెంచినది. పొందూరున మాత్రము ఈ మేలిరకమునకు ఒంటికదురు రాట్నమే నిలిచినది. కాని దాని ముందు కూర్చుండువారిలో వయసు మీఱిన స్త్రీలే ఎక్కువ. వారి కూలి చిలపల లెక్కన వచ్చును. సన్నని నూలు తొందరగా సాగదు గనుక దినమునకు వచ్చునది స్వల్పము. ఆ స్వల్పమును చూచిన కూతుళ్లు, కోడండ్రు వేరు పనులకు పోవుచున్నారు. వారిని తప్పుపట్టు హక్కు ఎవరికిని లేదు. సభలలో ఖద్దరును పొగడి, అంగడిలో వెల అడిగి పెదవి విఱచువారే మొదట తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

పెరటిచెట్టు మందునకు రాదను సామెత ఈ విషయమున మిక్కిలి నిజమైనది. దూరపు ఢాకా మస్లినును పాఠ్యగ్రంథములలో చదివి ఆశ్చర్యపడువారు, ఆ విద్యకు తోబుట్టువైన పొందూరు విద్య తమ నేలమీదనే బ్రతికియున్నదని తలపరు. బడి ఆవరణలో ఒక పత్తిమొక్క నాటుట, దాని దూదిని పిల్లలచే ఏకించి, తకిలిపై ఒక మూరెడు దారము తీయించుట కష్టమైన పని కాదు. ఆ మూరెడు పదిసార్లు తెగును. తెగినపుడే పిల్లవానికి 84,000 గజములనగా నేమో తెలియును. అట్టి పిల్లవాడు పెద్దవాడై పొందూరు బట్ట వెల విన్నపుడు బేరమాడుటకు ముందు ఒక క్షణము ఆలోచించును.

ఆ ఆలోచనయే నేడు పొందూరునకు కావలసినది. చంద్రుడు ఒక పోగుతో తృప్తినొందవచ్చును. ఆ పోగును వడికిన యామెకు మాత్రము కడుపునిండు కూలి కావలెను.