పాటను ఎక్కడ దాచుకోవాలి?



ప్రార్థనలో సైన్సు వార్తలు చదివే పని నాది. నేను చదువుతుంటే వెనక వరుసలో జడలు వేసుకుంటారు. అదే ఆదివారం సాయంత్రం వంట అక్క ఫోనులో పాట పెడితే హాస్టలు మొత్తం అక్కడే ఉంటుంది. అందుకని ఈసారి పాటలూ, సైన్సు వార్తలూ రెండూ కలిపి రాస్తున్నాను. చివరిదాకా చదవండి. పొడుగు వాళ్ళు ముందు నిలబడొద్దు, చిన్న తరగతుల వాళ్ళకు కనపడదు.

పాట అంటే వణుకు

8వ తరగతిలో ధ్వని పాఠం అందరం చదివినాము. వస్తువు కంపిస్తే ధ్వని పుడుతుంది అని పరీక్షలో రాసినాము కూడా. కానీ చూసినవాళ్ళు తక్కువ. ఒక స్టీలు గిన్నె మూతికి ప్లాస్టిక్ కవరు బిగుతుగా లాగి రబ్బరు బ్యాండు వేయండి. దాని మీద పది ఆవాలు వేయండి. గిన్నెకు తగలకుండా దగ్గరలో ఒక కంచం పట్టుకుని గరిటెతో గట్టిగా కొట్టండి. ఆవాలు ఎగురుతాయి. గిన్నెను ఎవరూ ముట్టుకోలేదు, మరి ఎగరేసింది ఎవరు? కంచం వణికింది, దాని పక్క గాలి వణికింది, ఆ వణుకు వచ్చి కవరును వణికించింది. మన చెవిలో కర్ణభేరి కూడా అలాంటి కవరే. (ఆవాలు అడిగి తీసుకోండి. నేను అడగకుండా తీసుకుని తిట్లు తిన్నాను.)

అయితే ఆ వణుకు కాసేపే ఉంటుంది. పాడేవాళ్ళు ఆపగానే పాట గాలిలో ఉండదు. మరి దాన్ని దాచేది ఎట్లా?

గాడిలో పాట, అంకెలలో పాట

తడి మట్టిలో ఎడ్లబండి పోతే గాడి పడుతుంది. బండి వెళ్ళిపోయినా గాడి ఉంటుంది. 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఇలాంటి పనే చేశాడు. ఒక గొట్టానికి తగరపు రేకు చుట్టి, దాని మీద సూది పెట్టి, మాట్లాడాడు. మాటకు సూది వణికి రేకు మీద గాడి గీసింది. మళ్ళీ అదే గాడిలో సూదిని నడిపితే సూది మునుపటిలాగే వణికింది, మాట వినపడింది. తరువాత వచ్చిన గ్రామఫోను రికార్డులు కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి.

టేపు రికార్డరు క్యాసెట్టులో గాడి ఉండదు. రిబ్బను మీద ఇనుప తుప్పు వంటి పొడి పూసి, అయస్కాంతంతో దానిలో పాటను దాస్తారు.

ఇప్పుడు ఫోనులో అంకెలుగా దాస్తున్నారు. ఏ.ఎన్.ఎం. అక్క నెలనెలా మన బరువు చూసి కార్డులో అంకె వేస్తుంది కదా. ఆ అంకెలు చూస్తే ఎవరు పెరిగిందీ ఎవరు తగ్గిందీ తెలుస్తుంది. అట్లనే సీడీ తయారుచేసేటప్పుడు వణుకును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలు వేస్తారు. ఫోను పాటల్లో చెవికి అంతగా తెలియని వాటిని తీసేసి ఇంకా చిన్నది చేస్తారు. అట్లా చేస్తే ఒక నిమిషం పాటకు సుమారు 1 మెగాబైటు పడుతుంది. వేలి గోరంత 8 జీబీ మెమరీ కార్డులో వంద గంటలకు పైగా పాటలు పడతాయి.

నా కార్డు సంగతి

ఇంత తెలిసిన నేనే మోసపోయాను. పోయిన దసరా సెలవులలో మా మామ ఫోనులో మా అమ్మమ్మ పాటలు రికార్డు చేశాను. మొత్తం పదకొండు. భూమి పండుగ పాట, రేల పాటలు, పెళ్ళిలో పాడేవి. అన్నీ కోయ భాషలోనే. పొద్దున్నే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేదాన్ని. సంక్రాంతికి ఇంటికి పోయేసరికి కార్డు పనిచేయడం లేదని మామ దానిని మండలం సెంటరులో ఒక షాపులో ఇచ్చాడు. షాపతను ఏమీ అడగకుండా ఫార్మాట్ కొట్టి ఇచ్చాడు. కార్డు బాగైంది. పాటలు లేవు.

నేను ఏడ్చుకుంటూ చెబితే అమ్మమ్మ నవ్వింది. కోయలో అన్న మాటను తెలుగులో రాస్తే ఇట్లా ఉంటుంది: "పెట్టెలో పెట్టినవు, పెట్టె పోయింది. నీ నోట్లో పెట్టుకుంటే ఎవడు తుడిచేవాడు?"

నాకు సిగ్గు వేసింది. అన్నిసార్లు విన్నాను గానీ ఒక్క పాట కూడా నేర్చుకోలేదు. ఫోనులో ఉంది కదా అనుకున్నాను. ఎండాకాలం సెలవులలో మళ్ళీ పాడమంటే ఏడు పాడింది. దగ్గు వల్ల మధ్యమధ్యలో ఆగింది. మిగతా నాలుగు గుర్తు రావడం లేదంటుంది. భూమి పండుగ పాట సగం వస్తుంది, నడుమ ముక్క రాదు. ఆ పాట మా ఊరిలో ఇంకెవరికీ పూర్తిగా రాదు.

ఆకాశంలోకి పోయిన పాటలు

ఇప్పుడు సైన్సు వార్త. 1977 సెప్టెంబరు 5న అమెరికా వారి నాసా సంస్థ వాయేజర్-1 అనే నౌకను పంపింది. దాని జంట వాయేజర్-2 అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 20న వెళ్ళింది. రెండింటికీ ఒక్కొక్క గ్రామఫోను రికార్డు బిగించారు. రాగి పళ్ళెం, పైన బంగారు పూత, 12 అంగుళాల వెడల్పు. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే మన భూమి గురించి తెలియాలని కార్ల్ సాగన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఇది తయారుచేశారు. వినడానికి సూది కూడా పెట్టి, ఎట్లా తిప్పాలో మూత మీద బొమ్మలు గీశారు. ఎడిసన్ గాడి గీసిన నూరేళ్ళకు అదే గాడి ఆకాశానికి పోయింది.

అందులో సుమారు 90 నిమిషాల సంగీతం, 55 భాషలలో పలకరింపులు ఉన్నాయి. మన దేశం నుండి కేసర్‌బాయి కేర్కర్ గారు భైరవి రాగంలో పాడిన పాట ఉంది. నౌక వెళ్ళిన పదకొండు రోజులకే, సెప్టెంబరు 16న ఆమె మరణించారు. పాట మాత్రం పోతూనే ఉంది. అమెరికా ఆదివాసులైన నవహోల పాట, ఆస్ట్రేలియా ఆదివాసుల పాటలు, ఆఫ్రికా అడవిలో పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఆడవాళ్ళు పాడే పాట కూడా ఉన్నాయి. మనలాంటి వాళ్ళ పాటలు అంత దూరం పోయినాయని చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

పలకరింపులలో తెలుగు ఉంది. ఆ జాబితా మొత్తం చూశాను. కోయ లేదు, గోండి లేదు, లంబాడీ లేదు.

2012 ఆగస్టులో వాయేజర్-1 సూర్యుని గాలి వీచే మేర దాటి నక్షత్రాల నడుమకు వెళ్ళింది. మనిషి చేసిన వస్తువులలో అంత దూరం పోయింది అదే మొదటిది. ఇప్పుడు మనకు 2,500 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 23 గంటలు దాటుతుంది. ఈ రోజు ప్రార్థనలో మనం పిలిస్తే, రేపటి ప్రార్థన వేళకు దానికి వినపడుతుంది. జవాబుకు ఇంకో రోజు.

దాని కంప్యూటర్ల జ్ఞాపకం మొత్తం సుమారు 69 కిలోబైట్లు. మన ఫోను పాట అందులో నాలుగు సెకన్లే పడుతుంది. 2023 నవంబరులో దానికి కూడా నా కార్డు జబ్బే వచ్చింది. జ్ఞాపకం దాచే ఒక చిప్పు పాడై అర్థం లేని అంకెలు పంపసాగింది. అక్కడికి పోయి బాగుచేసేవాళ్ళు లేరు. శాస్త్రవేత్తలు ఆ చిప్పులో ఉన్న ఆదేశాలను ముక్కలు చేసి, మిగిలిన జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోటల్లా సర్దారు. 2024 ఏప్రిల్‌లో అది మళ్ళీ సరిగా మాట్లాడింది. ఆ ఆదేశాలు ఏమిటో ఇక్కడి వాళ్ళకు తెలుసు కాబట్టి మళ్ళీ రాయగలిగారు. అమ్మమ్మ నాలుగు పాటలు ఇంకెవరికీ తెలియవు కాబట్టి నేను రాయలేకపోయాను. తేడా అంతే.

నా విన్నపము

మన భద్రాద్రి జిల్లావారే సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. 2024లో మరణించారు. అట్లాంటి పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, బిరుదు లేకుండా.

కాబట్టి వార్డెన్ మేడం గారిని, హెచ్.ఎం. సారును కోరేది ఏమనగా, తల్లిదండ్రులు మనలను చూడవచ్చే ఆదివారం ఒక గంట బడి ట్యాబు ఇప్పించగలరు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతలు వస్తే వారి పాటలు రికార్డు చేస్తాము. ముందు వారిని అడగాలి. పూజలో తప్ప పాడకూడని పాటలు ఉంటాయి, వద్దంటే వద్దు. చేసినదాన్ని మూడు చోట్ల ఉంచాలి: బడి కంప్యూటరులో, ఒక పెన్‌డ్రైవులో, ఒక నోటుబుక్కులో. నోటుబుక్కులో పాట మాటలు తెలుగు అక్షరాలతో రాసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ పండుగకు పాడతారో రాయాలి. పుస్తకం కుట్టి అట్ట వేసే పని నేను చేస్తాను.

నాలుగో చోటు మన నోరు. కోయ పిల్లలు, కొండరెడ్ల పిల్లలు, లంబాడీ పిల్లలు ఒక్కొక్కరం ఒక్క పాట నేర్చుకుందాము. నేను అమ్మమ్మ పాడిన ఏడింటిలో రెండు నేర్చుకున్నాను. భూమి పండుగ పాటలో నడుమ ముక్క మీ ఊళ్ళో ఎవరికైనా వస్తే నాకు చెప్పండి. 9వ తరగతి గదిలో కిటికీ పక్క రెండో బెంచీలో ఉంటాను.

ఇట్లు,
సైన్సు వార్తలు చదివే అమ్మాయి,
9వ తరగతి.