పాటయు పాఠమును

విద్యార్థులారా! నేను ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున జరిగిన చిన్న సంగతిని ముందుగా చెప్పి, పిమ్మట దానిని గూర్చి మీతో కొంత ముచ్చటించెదను.

అది తొమ్మిదవ తరగతి. సామాన్యశాస్త్ర ప్రయోగశాలలో పిల్లలు ఇద్దరేసి చొప్పున బల్లలకడ నిలిచియుండిరి. పరీక్షనాళికలో ద్రవమును పోసి స్పిరిటు దీపముపై వేడిచేయవలసిన ప్రయోగ మది. దీపములు వెలిగింపక ముందే ఉపాధ్యాయుడు వారిని హెచ్చరించెను. నాళిక మూతిని ఎన్నడును మనిషివైపు త్రిప్పరాదనియు, కాగిన ద్రవము ఒక్కుమ్మడిగా పైకి చిమ్మవచ్చుననియు రెండు పర్యాయములు చెప్పెను. తరగతి యంతయు వినెను, ఒక్క బాలుడు తప్ప. ఆతని చొక్కా మెడపట్టీ చాటున సన్నని తీగ యొకటి చెవి వరకు ప్రాకియుండెను. జేబులోని ఫోనునుండి ఆ తీగ వెంట పాట వచ్చుచుండెను. కొంతసేపటికి ఆతని నాళికలోని ద్రవము చివ్వున ఎగసి, ప్రక్కనున్న స్నేహితుని మణికట్టుపై పడెను. అదృష్టవశమున కన్నులలో పడలేదు. చల్లని నీరు ధారగా పోసి, వెంటనే ఆస్పత్రికి పంపితిమి. బొబ్బలు మానుటకు పది దినములు పట్టినది.

ఆ సాయంకాలము ఆ బాలుడు నా గదికి వచ్చి, తలవంచుకొని నిలిచెను. "మాస్టారి మాట నీకు వినబడలేదా?" అని అడిగితిని. "వినబడినదండీ. వారి గొంతు వినబడుచునే యున్నది. ఏమి చెప్పుచున్నారో మాత్రము తెలియలేదు" అని ఏడ్చెను. ఇది తప్పించుకొనుటకు పన్నిన సాకని నేను మొదట తలచితిని. ఆలోచింపగా ఆతడు పలికినది అక్షరాల నిజమని తోచినది. గొంతు వినబడుట వేరు, మాట తెలియుట వేరు. ఈ రెంటికిని నడుమ నున్న దూరమెంతయో తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చెవికి తగిలించుకొని వినెడి యీ పరికరము నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎర్నెస్టు మెర్కాడియే అనునతడు చెవులలో అమరునట్టి చిన్న టెలిఫోను గ్రాహకములకు 1891లో అమెరికాలో పేటెంటు పొందెను. 1910లో అమెరికావాడైన నతానియేలు బాల్డ్విన్ తన యింటి వంటగదిలో హెడ్‌ఫోనులను తయారుచేసి, ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. నడిసముద్రమున నున్న నావికులకు దూరమునుండి వచ్చెడి సన్నని సంకేతములు స్పష్టముగా వినబడవలెను గదా! ఒక్క ధ్వనినే ఎంచుకొని ఏకాగ్రతతో వినుటకై యీ పరికరము ఉపయోగపడినదని గుర్తుంచుకొనుడు. శ్రద్ధకు తోడుగా వచ్చిన వస్తువే నేడు తరగతిలో అశ్రద్ధకు చాటగుచున్నది.

1979లో జపానుకు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న క్యాసెట్టు యంత్రమును విడుదల చేసెను. నడచుచు పాట వినుట నాటినుండి లోకమున వ్యాపించెను. ఆ మొదటి యంత్రములో ఒక విశేషము కలదు. ఇద్దరు కలిసి వినుటకై దానికి రెండు హెడ్‌ఫోనుల రంధ్రములు అమర్చిరి. అంతేకాక, దానిపై నొక మీట యుండెను. దానిని నొక్కినచో పాట తగ్గి, ఎదుటివాని మాట వినబడును. ప్రక్కమనిషిని మరచి ఒంటరిగా వినుట మర్యాద కాదని దానిని చేసినవారికే తోచినది. తరువాత తీగయు పోయినది. చింతగింజ కంటె కొంచెము పెద్దవైన తీగలేని పరికరములు 2016 తరువాత విరివిగా వచ్చినవి. వెండ్రుకల చాటున అవి కనబడవు. ఉపాధ్యాయుని కన్నుకప్పుట సులభమైనది. మనస్సు యొక్క స్వభావము మాత్రము మారలేదు.

ఆ స్వభావమును పరీక్షించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కాలిన్ చెర్రీ. ఆయన ప్రయోగములు 1953లో ప్రచురితములైనవి. కొందరికి హెడ్‌ఫోనులు పెట్టి, కుడిచెవిలో ఒక ప్రసంగమును, ఎడమచెవిలో వేరొక ప్రసంగమును ఒకే కాలమున వినిపించెను. కుడిచెవిలో వినబడినదానిని వెంట వెంటనే పైకి పలుకుచుండవలెనని నియమము. వారు దానిని చక్కగా పలికిరి. పిమ్మట ఎడమచెవిలో ఏమి విన్నారని అడుగగా, ఒక్క మాటయైనను చెప్పలేకపోయిరి. పురుషుని కంఠము స్త్రీ కంఠముగా మారినచో తెలిసికొనిరి. మాటలకు బదులు ఈలవంటి ధ్వని వచ్చినచో దానిని గుర్తించిరి. కాని నడుమ ఆంగ్లభాష మాని జర్మను భాషలో చదివినను ఆ మార్పును కనిపెట్టలేకపోయిరి! గొంతు తెలిసినది, మాట తెలియలేదు. మా పాఠశాలలోని బాలుడు ఏడ్చుచు చెప్పినదియు ఇదియే గదా!

1959లో నెవిల్ మోరే అను మరియొక పరిశోధకుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. వినుచున్న చెవి యొకటి, విడిచిన చెవి యొకటి అనుకొందము. విడిచిన చెవిలో కొన్ని తేలిక మాటలను ముప్పదియైదు సార్లు వినిపించినను, అవి విన్నవారికి జ్ఞాపకము రాలేదు. అయితే ఆ చెవిలోనే వారి పేరును పలికినప్పుడు సుమారు మూడవవంతు మంది దానిని గుర్తించిరి. పాట వినుచున్న పిల్లవానిని ఉపాధ్యాయుడు పేరు పెట్టి పిలువగా, ఉలికిపడి లేచి నిలుచుట మీరు చూచియుందురు. పేరు వినబడినది, దాని ముందున్న ప్రశ్న వినబడలేదు. వెనుక బల్లనుండి ఎవరైన అందించినదే ఆతనికి గతి! ముప్పదియైదు సార్లు చెప్పిన మాట నిలువని చోట, ఒక్కసారి చెప్పిన పాఠము ఎట్లు నిలుచును?

ఇట్లు చెప్పగా నొకనాడు తరగతిలో ఒక చురుకైన బాలిక లేచి, "మాస్టారూ! అష్టావధాని ఎనిమిదిమందికి ఒక్కసారే సమాధానము చెప్పును గదా! మేము పాటను, పాఠమును రెంటిని వినలేమా?" అని అడిగెను. మంచి ప్రశ్న. అవధానము తెలుగువారి సొత్తు. తిరుపతి వేంకటకవులు ఊరూర తిరిగి దానికి గొప్ప ప్రచారము తెచ్చిరి. కాని అవధాని యేమి చేయునో పరికింపుడు. సమస్య నిచ్చినవానికి ఒక పాదము, దత్తపది నిచ్చినవానికి ఒక పాదము, ఇట్లు వరుసగా ఒక్కొక్కరి వైపు తిరిగి ఒక్కొక్క పాదము చెప్పును. ఆ క్షణమున ఆయన మనస్సు ఆ ఒక్క పాదముపైననే నిలుచును. అప్రస్తుతప్రసంగము చేయువాడు ఆ ఏకాగ్రతను చెదరగొట్టుటకే కూర్చుండును. అవధాని వానికి చమత్కారముగా బదులు చెప్పి, మరల విడిచిన చోటికే వచ్చును. ఇది ఏండ్ల తరబడి చేసిన సాధన ఫలము. అసలు అవధానమను మాటకే శ్రద్ధ, ఏకాగ్రత అని యర్థము. చెవిలో పాట పెట్టుకొని పాఠము వినువాడు అవధాని కాడు. తనకు తానే అప్రస్తుతప్రసంగియై కూర్చున్నవాడు. నా సమాధానము విని ఆ బాలిక నవ్వెను, తరగతియు నవ్వెను.

"పాట వినుచు చదివినచో బడలిక తెలియదు" అని కొంద రందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మన పల్లెలలో వరినాట్లు వేయు స్త్రీలు పాడుకొనుచు పని చేయుదురు. తిరుగలి విసరునప్పుడును పాట కలదు. అచ్చట పని చేయునది చేయి; మనస్సునకు తీరిక కలదు. పైగా పాట యొక్క లయయు పని యొక్క లయయు కలిసి నడచును. పాఠము వినునప్పుడు పనిచేయునది మనస్సే. చదువునప్పుడు పెదవి కదపకున్నను, మాటలు లోలోపల పలుకుచునే యుండును. పాటలోని మాటలును ఆ చోటికే వచ్చి త్రోపులాడును. సలామే, బ్యాడ్లీ అను పరిశోధకులు 1989లో ప్రకటించిన ప్రయోగములలో, అంకెలను వరుసగా జ్ఞాపకముంచుకొను పనికి వాద్యసంగీతము కంటె మాటలుగల పాట ఎక్కువ అడ్డు తగిలినట్లు తేలినది. కావున చదువునకు పాట ఎప్పుడును శత్రువని నేననను. మాటలతో మాటలకు పోటీ పెట్టరాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక చెవి సంగతి. ధ్వని కర్ణభేరిని తాకి, కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న యెముకలను కదల్చి, నత్తగుల్ల వలె చుట్టుకొనియున్న కర్ణావర్తమును చేరును. అందు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 రోమకణములు కలవు. ఇవియే ధ్వనిని నాడీసంకేతములుగా మార్చును. తల వెండ్రుక ఊడినచో మరల మొలచును. ఈ రోమకణములు నశించినచో మనుష్యునికి మరల పుట్టవు. 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. అదియే 90 డెసిబెల్లైనచో వారమునకు 4 గంటలే. ధ్వని 3 డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల దాని శక్తి రెట్టింపగును. వినదగిన కాలము సగమగును. తరగతిలో ముప్పది నలుబది కంఠముల సందడి యుండును. దానిని మించి పాట వినబడవలెనని పిల్లవాడు ధ్వనిని పెంచును. ఆ విధముగా పాఠము పోవుటయే కాక, చెవికిని ముప్పు వాటిల్లును.

ఇచ్చట ఒక హెచ్చరిక. చెవిలో యంత్రమున్న ప్రతి విద్యార్థియు పాట వినుచున్నాడని తలపకుడు. వినికిడి తక్కువైన పిల్లలు వినికిడి యంత్రములను ధరింతురు. అట్టి బాలిక యొకతె మా పాఠశాలలో నుండెను. ఉపాధ్యాయుని పెదవుల కదలికను చూచుటకై ఆమె ఎప్పుడును మొదటి బల్లపైననే కూర్చుండెడిది. పాఠములోని ఒక్క మాటయు జారిపోరాదని ఆమె పడిన పాటును నేను కన్నులార చూచితిని. ఒకరు వినుటకై యంత్రమును పెట్టుకొనుచుండగా, వినగలవారు వినకుండుటకై యంత్రమును పెట్టుకొనుట ఎంత విపరీతము!

తప్పంతయు పిల్లలదే యని నేననను. విసుగు పుట్టించు పాఠములు కలవు. నేనును కొన్ని అట్టివి చెప్పియుందును. పాఠము అర్థము కానప్పుడు, లేచి "మాస్టారూ, మరొకసారి చెప్పుడు" అని అడుగుట విద్యార్థి హక్కు. ఆ ప్రశ్న ఉపాధ్యాయునికిని మేలు చేయును. చెవి మూసికొనినచో ఆయనకు తన లోపము తెలియదు. మీకు పాఠము తెలియదు. అలసట కలిగినచో బడి విడిచిన పిమ్మట, ఇంటి అరుగుపై కూర్చుండి, తక్కువ ధ్వనితో, మనసార పాట వినుడు. దొంగచాటుగా విన్న పాటయు సగమే వినబడును. ఒక చెవి పాటపై, ఒక కన్ను ఉపాధ్యాయునిపై, గుండెలో దడ – ఇట్టి స్థితిలో రాగమేమి తెలియును, భావమేమి తెలియును? పాటకు అన్యాయము, పాఠమునకును అన్యాయము. ఇంత శ్రమపడి పాడిన గాయకుని యెడలను, ఇంత శ్రమపడి బోధించిన గురువు యెడలను ఒక్కసారే తప్పు చేసినట్లగును.

మొదట చెప్పిన బాలుని మాట ముగించెదను. ఆతనిని దండింపవలెనని కొందరు సూచించిరి. గాయపడిన స్నేహితుడే వచ్చి, "వద్దండీ, వాడు నా ప్రక్కననే కూర్చుండును" అనెను. కుడిచేతికి కట్టు ఉన్నన్ని దినములు ఆ స్నేహితుని నోటుపుస్తకమున పాఠములు వ్రాసినవాడు ఈ బాలుడే. తన కొరకు మాత్రమే కాక ఇంకొకరి కొరకును వ్రాయవలసి వచ్చుటచే, ఆ పది దినములు ఆతడు ఒక్క మాటయు విడువక వినెను. కట్టు విప్పిన దినమున ఒక అట్టముక్కపై పెద్ద అక్షరములతో, "నాళిక మూతిని మనిషివైపు త్రిప్పరాదు" అని వ్రాసి తెచ్చి, ప్రయోగశాల గోడకు తగిలించుటకు నా అనుమతి కోరెను. నేను పదవీవిరమణ చేసిన నాటికిని ఆ అట్ట ఆ గోడపైననే యుండెను.