ఉపగ్రహ వర్షపాత సమాచారం – తీరప్రాంత ముంపు అంచనా

ఉద్దేశాలు
ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
• ఉపగ్రహాలు వర్షాన్ని ఎలా అంచనా వేస్తాయో వివరించగలరు.
• వర్షపాతం ఆధారంగా ముంపు కాలాన్ని లెక్కించగలరు.

1. పరిచయం
కుల్కచర్లకు సముద్రం చాలా దూరం. అయినా మీ వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి బంగాళాఖాతం వైపు సాగుతుంది. ఎగువన నేల వాలుగా ఉండడం వల్ల వాన నీరు త్వరగా దిగిపోతుంది. డెల్టాలో నేల చదును; నీరు నిలుస్తుంది. అందుచేత అక్కడ ఎంత వాన పడిందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ నీరు ఎంతసేపట్లో బయటికి పోతుందన్నది మిగతా సగం.

2. ఉపగ్రహం ఏమి కొలుస్తుంది?
వర్షమాపకం పాత్రలో పడిన నీటిని కొలుస్తుంది. ఉపగ్రహం నీటిని నేరుగా కొలవదు. వానచినుకులు, మంచు కణాల ప్రభావం పడిన సూక్ష్మతరంగాలను గ్రహించి, వాటి నుంచి వర్షాన్ని అంచనా కడతారు. అమెరికా, జపాన్ సంస్థలు 2014 ఫిబ్రవరిలో ప్రయోగించిన జీపీఎం ప్రధాన ఉపగ్రహం ఇటువంటిదే. దానితోపాటు ఇతర ఉపగ్రహాల సమాచారాన్ని కలిపి ‘ఐమెర్గ్’ పట్టికలు తయారుచేస్తారు. ఇవి ప్రతి అరగంటకు, 0.1 డిగ్రీ గడికి ఒక విలువ ఇస్తాయి. మన అక్షాంశాల వద్ద ఒక గడి వైశాల్యం సుమారు 120 చదరపు కిలోమీటర్లు.

3. ముంపు కాలం లెక్క
ఒక గడిలో 100 మి.మీ. వర్షం కురిసిందనుకుందాం.
మొత్తం నీరు: 1.2 కోట్ల ఘనపు మీటర్లు.
అందులో సగం మురుగు కాలువకు చేరితే: 60 లక్షల ఘనపు మీటర్లు.
కాలువ సామర్థ్యం సెకనుకు 50 ఘనపు మీటర్లయితే: 1.2 లక్షల సెకన్లు, అంటే సుమారు 33 గంటలు.
సముద్రపు పోటు వల్ల సగం సమయం నీరు బయటికి పోకపోతే ఇదే 67 గంటలవుతుంది. వర్షం మారలేదు, ముంపు మాత్రం రెట్టింపయింది. కొత్తగా నాటిన వరికి ఈ తేడాయే ప్రాణాంతకం కావచ్చు.

4. ఉదాహరణ: బుడమేరు
బుడమేరు కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేటి నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. వరద నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ కూడా ఉంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో భారీ వర్షాలకు బుడమేరు పొంగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని సులభంగా దింపలేదు. గట్లకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది.

5. పరిమితులు
ఐమెర్గ్ తొలి అంచనా సుమారు నాలుగు గంటల తరువాత అందుతుంది. నేల, నీరు కలిసి కనిపించే తీరం వెంబడి పొరపాట్లకు అవకాశం ఎక్కువ. కాబట్టి వర్షమాపకాలతో సరిచూడాలి. కాలువలో పూడిక, గుర్రపుడెక్క ఎంత ఉన్నాయో వర్షపాత పట్టికలు చెప్పవు; గట్టు మీద నడిచి చూడవలసిందే.

సారాంశం
వచ్చే నీటిని ఉపగ్రహం చెబుతుంది. పోయే నీటిని కాలువ, పోటు నిర్ణయిస్తాయి. రెండూ తెలిసినప్పుడే ముంపు అంచనా పూర్తవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
కుల్కచర్ల వర్షమాపకంలో 80 మి.మీ., అదే రోజు ఐమెర్గ్ గడిలో 50 మి.మీ. నమోదయ్యాయనుకోండి. ఉపగ్రహం తప్పు చెప్పిందని వెంటనే నిర్ధారించవచ్చా? ఒక చోటి కొలత, గడి సగటు అనే తేడాను దృష్టిలో ఉంచుకొని జవాబు రాయండి.